లంగా బొందు దగ్గర కాదు, కాస్త పైన: ఆడవాళ్లు నడుము కొలుచుకోవడం ఎలా

నేను సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎంని. ముప్పై దాటిన వాళ్లకు ఆశా నింపే సీబ్యాక్ ఫారంలో (షుగర్, బీపీ లాంటి జబ్బుల ముప్పు ఎంతో మార్కులేసి చూసే కాగితం) నడుము కొలత కూడా ఉంటుంది. ఆడవాళ్లకు 80 సెంటీమీటర్ల దాకా సున్నా, 81 నుంచి 90 దాకా ఒక మార్కు, ఆపైన రెండు. మార్కులు మొత్తం 4 దాటితే ముందు వాళ్లకే పరీక్షలు.

"నేను యాభై కిలోలే, నాకెందుకమ్మా?" అంటారు. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట ఒక్కటే ముందుకొచ్చిన వాళ్లను చూస్తేనే నాకు టెన్షన్. కాలేయం, పేగుల చుట్టూ చేరే కొవ్వు షుగర్‌నీ బీపీనీ పెంచుతుంది. బరువు మిషన్ దాన్ని పట్టుకోలేదు. నెలసరి ఆగిపోయాక కొవ్వు పొట్ట దగ్గర చేరడం ఇంకా ఎక్కువవుతుంది.

టైలర్ టేపు చాలు, సాగిపోయింది మాత్రం వద్దు. చీర కుచ్చిళ్ల మీద కొలిస్తే బట్టని కొలిచినట్టే. కుచ్చిళ్లు తీసి, బొందు వదులు చేయండి. బొందు ఒరుసుకుని నల్లబడిన గీత ఉంటుంది చూడండి, అదే నడుమనుకుంటారు చాలామంది. అది కాదు. పక్కన వేలితో నొక్కి చివరి పక్కటెముక, కింద తుంటి ఎముక పై అంచు వెతకండి. రెండింటికీ సరిగ్గా మధ్యన టేపు చుట్టాలి. వెనకవైపు జారిపోకుండా అద్దంలో చూసుకోండి, లేదా అమ్మాయిని పట్టుకోమనండి. మామూలుగా ఊపిరి వదిలాక చదవండి. పొట్ట లోపలికి లాగొద్దు; నా ముందు అందరూ లాగుతారు, మాటల్లో పెట్టి కొలుస్తాను! రెండుసార్లు కొలవండి. సెంటీమీటరు కన్నా ఎక్కువ తేడా వస్తే మళ్లీ మొదటికి. గర్భంతో ఉన్నప్పుడు ఈ కొలత పనికిరాదు.

పొట్టివాళ్లు ఇంకో లెక్క చూసుకోవాలి: నడుము ఎత్తులో సగం దాటకూడదు. అయిదడుగులంటే 152 సెంటీమీటర్లు, సగం 76. 79 వచ్చిందంటే ఫారంలో సున్నాయే, అయినా నేను వదలను. పిరుదులు బాగా వెడల్పుగా ఉన్నచోట కూడా కొలిచి, నడుముని దాంతో భాగించండి. 84ని 96తో భాగిస్తే 0.875, ఆడవాళ్లకు 0.85 దాటితే ఎక్కువ కిందే లెక్క.

కొలత ఎక్కువొస్తే బీపీ, పరగడుపు షుగర్, లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వుల పరీక్ష) చేయించండి. అందులో హెచ్‌డీఎల్ అనే మంచి కొలెస్ట్రాల్ 50 కన్నా తగ్గినా, ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వు 150 చేరినా డాక్టర్‌కి చూపించండి. కడుపుతో ఉన్నప్పుడు బీపీగానీ షుగర్‌గానీ వచ్చి ఉంటే, పిల్లలు పెద్దవాళ్లయిపోయినా సరే, ఆ సంగతి కూడా చెప్పండి.