పరిచయం లేని వారికి రాసే ముందు

హనుమకొండలోని అద్దె గదిలో కూర్చుని, ఎన్నడూ చూడని ఇంజినీరుకో ప్రొఫెసరుకో మెయిల్ రాయబోతున్నారా? తప్పకుండా రాయండి. పంపే ముందు ఇవి చూసుకోండి.

• పేరు, హోదా సరిగ్గా ఉన్నాయా?

• వారు చేసిన పని ఒక్కటైనా చదివారా? లేకపోతే ఇవాళ పంపవద్దు.

• "ఉద్యోగం ఇప్పించండి" అని ఉంటే కొట్టేయండి. పది నిమిషాల్లో జవాబివ్వగల ఒకే ప్రశ్న అడగండి. మా తమ్ముడు నాలుగు పేజీలు రాస్తే స్పందన లేదు. ఆరు వాక్యాలకు కుదించి, తాను గీసిన సర్క్యూట్ జతచేసి మరొకరికి పంపితే మర్నాడే ఫోను వచ్చింది.

• మీ పని జతచేశారా? అన్నిటికన్నా ఇదే ముఖ్యం. 1913 జనవరిలో మద్రాసు పోర్ట్ ట్రస్టు గుమాస్తా రామానుజన్, కేంబ్రిడ్జిలోని గణిత శాస్త్రవేత్త హార్డీకి ఉత్తరంతో పాటు తన సిద్ధాంతాలు పంపారు. అంతకుముందు తాను ఉత్తరాలు రాసిన ఇతరులు పట్టించుకోకపోయినా ఆయన ఆగలేదు. 1914లో కేంబ్రిడ్జి చేరారు.

• ఆధార్, బ్యాంకు వివరాలు రాయవద్దు. అవతలివారు డబ్బు అడిగితే అక్కడితో ఆపేయండి.

• కలవమంటే ఆఫీసులోనో కాలేజీలోనో, పగటిపూటే. ఇంట్లో చెప్పి వెళ్లండి.

• జవాబు రాకపోతే పది రోజులాగి ఒక్కసారి గుర్తుచేయండి. వస్తే, ఆ రోజే కృతజ్ఞతలు రాయండి.