మారియో కార్ట్ 7 మాడ్ మొరాయిస్తోందా? లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం

నింటెండో 3డీఎస్‌లో మారియో కార్ట్ 7కి కొత్త ట్రాకులు, టెక్స్చర్లు (మోడల్ మీద అంటించే బొమ్మలు), పాటలు ఎక్కించేవాళ్లకు, అంటే మాడ్ చేసేవాళ్లకు, తరచూ ఎదురయ్యే చిక్కులివి. మీ కన్సోల్‌లో లూమా3డీఎస్ (మాడ్లు నడిపించే అనధికారిక సిస్టమ్ సాఫ్ట్‌వేర్) ఉందని, ఆట మీరు కొన్నదేనని, దాని ఫైళ్లను గాడ్‌మోడ్9 అనే ఫైల్ టూల్‌తో మీరే బయటికి తీశారని అనుకుని రాస్తున్నాం. లూమాలోని లేయర్డ్‌ఎఫ్‌ఎస్ (ఆట ఫైళ్ల బదులు మీ ఫైళ్లిచ్చే ఏర్పాటు) కాట్రిడ్జ్‌ని ముట్టుకోదు. ఆట ఒక ఫైలు అడిగితే ముందు ఎస్‌డీ కార్డులో ఆ పేరుతో ఏమైనా ఉందేమో చూస్తుంది. ఉంటే అదిస్తుంది, లేకపోతే అసలుది ఇస్తుంది. కాబట్టి ఎంత గందరగోళమైనా కార్డులో మీ ఫైళ్లున్న ఫోల్డర్ పేరు మార్చేస్తే చాలు, ఆట మళ్లీ మామూలుగా నడుస్తుంది.

ఏ సమస్యకైనా ముందు చూడాల్సింది ఆట ఎక్కడ ఆగిందన్నది. లోగో దగ్గరా, ట్రాక్ లోడ్ అవుతున్నప్పుడా, రేసు మధ్యలోనా? చాలామంది ఇది గమనించకుండా మోడల్ మార్చి, పాట మార్చి, లూమా అప్‌డేట్ చేసి, చివరికి ఏది దెబ్బతీసిందో తెలియక తల పట్టుకుంటారు. ఒకసారికి ఒక్క ఫైలే మార్చండి.

ఏమీ మారలేదు, పాత ట్రాకే వస్తోంది

ఆట ఆగకుండా పాత ట్రాకే చూపిస్తోందంటే మీ ఫైలు తెరుచుకోనే లేదు. ఫైలు లోపల తప్పులు వెతకడం ఇప్పుడు దండగ.

సెలెక్ట్ బటన్ పట్టుకుని కన్సోల్ ఆన్ చేస్తే లూమా సెట్టింగ్స్ వస్తాయి. అందులో 'ఎనేబుల్ గేమ్ ప్యాచింగ్'కి టిక్ ఉండాలి. ఎస్‌డీ కార్డు మార్చినవాళ్లకు ఇది తరచూ ఆఫ్ అయిపోయి ఉంటుంది.

తర్వాత ఫోల్డర్ దారి చూడండి. ఎస్‌డీ కార్డులో లూమా, దానిలో టైటిల్స్, దానిలో 16 అంకెల టైటిల్ ఐడీ (ఆటని గుర్తించే నంబరు), దానిలో రోమ్‌ఎఫ్‌ఎస్, ఆ లోపల ఆటలో ఉన్న ఫోల్డర్లే అవే పేర్లతో ఉండాలి. జిప్ విప్పినప్పుడు రోమ్‌ఎఫ్‌ఎస్ లోపల ఇంకో రోమ్‌ఎఫ్‌ఎస్ చేరడం అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే తప్పు. విండోస్‌లో ఫైలు ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా పెట్టుకోండి, పేరు చివర మీకు తెలియని తోక ఉండొచ్చు.

ఐడీ విషయంలో మనవాళ్లకు ఒక ప్రత్యేకమైన చిక్కుంది. కన్సోల్ అమెరికా నుంచి అన్నయ్య తెస్తాడు, కాట్రిడ్జ్ దుబాయ్ నుంచి వస్తుంది. లూమా ఉంటే ప్రాంతం తాళం అడ్డురాదు కాబట్టి ఆట చక్కగా నడుస్తుంది, దాంతో ఈ తేడా ఎవరికీ తట్టదు. ఐడీ కన్సోల్‌ని బట్టి కాదు, ఆటని బట్టి ఉంటుంది. జపాన్ ఆటకి 0004000000030600, యూరప్‌కి 0004000000030700, అమెరికాకి 0004000000030800. అనుమానం ఉంటే స్టార్ట్ బటన్ పట్టుకుని ఆన్ చేసి, గాడ్‌మోడ్9లో సీ డ్రైవ్ తెరవండి. కాట్రిడ్జ్ ఐడీ అక్కడి ఫైలు పేరులోనే కనిపిస్తుంది.

అప్‌డేట్ వేసుకున్నవాళ్లు 0004000ఈతో మొదలయ్యే ఐడీతో ఫోల్డర్ చేస్తుంటారు. దాన్ని లూమా చూడదు. అప్‌డేట్ ఉన్నా లేకున్నా పైన చెప్పిన అసలు ఆట ఐడీయే వాడాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా నమ్మకం కుదరకపోతే ఒక ట్రాక్ పాట ఫైలుని ఇంకో ట్రాక్ పాట పేరుతో పెట్టి ఆడండి. పాట మారితే దారి సరిగ్గానే ఉన్నట్టు.

ఐకాన్ నొక్కగానే, లోగో దాటకముందే క్రాష్

ట్రాక్ ఫైళ్లు అప్పటికింకా తెరుచుకోవు, వాటిని అనుమానించొద్దు. ఐడీ ఫోల్డర్‌లో రోమ్‌ఎఫ్‌ఎస్ పక్కనే 'కోడ్.ఐపీఎస్' ఉందేమో చూడండి. ఐపీఎస్ ప్యాచ్ అంటే ఆట కోడ్‌లో ఫలానా స్థానంలో ఫలానా బైట్లు రాయమనే పట్టీ. అప్‌డేట్ వేస్తే కోడ్ మారి ఆ స్థానాలన్నీ జరుగుతాయి. 1.1కి చేసిన ప్యాచ్‌ని 1.2 మీద వేస్తే సంబంధం లేని చోట రాతలు పడతాయి. ప్యాచ్ ఏ వెర్షన్‌కి, ఏ ప్రాంతానికి చేశారో చూసి అదే వేయండి. ప్యాచ్ తీసేస్తే ఆట తెరుచుకుంటే దొంగ దొరికినట్టే.

రెండో అనుమానం ప్లగిన్. లూమా 13 నుంచి 3జీఎక్స్ ప్లగిన్లని (ఆటతో పాటు నడిచే చిన్న ప్రోగ్రాములు) ఎక్కించే ప్లగిన్ లోడర్ దానిలోనే ఉంది. ఎప్పుడో వేసి మరిచిపోయిన ప్లగిన్ ఇప్పటికీ లోడ్ అవుతుండొచ్చు. ఎల్, కింది బాణం, సెలెక్ట్ కలిపి నొక్కి లూమాలోని రోసలీనా మెనూలో ప్లగిన్ లోడర్ ఆపి చూడండి. మ్యాక్ నుంచి కాపీ చేస్తే డాట్, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కూడా వచ్చి చేరతాయి. ప్లగిన్ ఫోల్డర్‌లో అవి ఉంటే తీసేయండి.

ట్రాక్ ఎంచుకున్నాక లోడింగ్‌లోనే ఆగిపోతోంది

అసలు తంటా అంతా ఇక్కడే. ముందు ఈ పరీక్ష చేయండి: ఆట నుంచి తీసిన ఆ ట్రాక్ అసలు ఎస్‌జెడ్‌ఎస్ ఫైలుని (ట్రాక్ సరుకంతా ఉండే మూట) మీ ప్యాకింగ్ టూల్‌తో విప్పి, ఏమీ మార్చకుండా మళ్లీ ప్యాక్ చేసి కార్డులో పెట్టండి. అది కూడా ఆగిపోతే తప్పు మీ మోడల్‌ది కాదు, ప్యాక్ చేసే టూల్‌ది. నడిస్తే టూల్ మంచిదే, తప్పు మీ మార్పులో ఉంది. ఈ పది నిమిషాల పని చేయకుండా 3డీ మోడళ్లు చేసే బ్లెండర్ తెరవొద్దు.

ఎస్‌జెడ్‌ఎస్‌కి రెండు పొరలుంటాయి. పైన యాజ్0 కంప్రెషన్, లోపల ఫైళ్లన్నీ మూటగట్టిన సార్క్ ఆర్కైవ్. హెక్స్ ఎడిటర్‌లో (ఫైలుని బైట్లుగా చూపే టూల్) తెరిస్తే మొదటి నాలుగు బైట్లు 59 61 7ఎ 30 ఉండాలి. లేకపోతే కంప్రెస్ చేయడమే మరిచారు. స్థానాలు సున్నా నుంచి లెక్కపెట్టుకుంటూ వెళ్లండి. 16వ చోట సాధారణంగా ఎఫ్ఎఫ్ ఉంటుంది. 17 నుంచి సార్క్ (SARC) అనే నాలుగక్షరాలు, తర్వాత 14 00. ఆ వెంటనే 23, 24 స్థానాలు చూడండి. అక్కడ ఎఫ్ఎఫ్ ఎఫ్ఈ ఉంటే లిటిల్ ఎండియన్ (చిన్న బైటు ముందు రాసే పద్ధతి), 3డీఎస్‌కి కావలసింది అదే. 14 00 బదులు 00 14, దాని వెనకే ఎఫ్ఈ ఎఫ్ఎఫ్ కనిపిస్తే అది నింటెండో వీ యూ (Wii U) కన్సోల్ కోసం ప్యాక్ చేసిన ఫైలు. పీసీలోని టూల్ దాన్ని ముచ్చటగా తెరిచి చూపిస్తుంది, కన్సోల్ మాత్రం ఒప్పుకోదు. టూల్‌లో ఎండియన్ సెట్టింగ్ మార్చి మళ్లీ ప్యాక్ చేయండి.

ఎండియన్ సరిగ్గానే ఉన్నా ఆగితే అలైన్‌మెంట్, అంటే డేటా ఏ హద్దు మీద మొదలవుతోందో, చూడాలి. ట్రాక్ రూపం ఉండే బీసీఎండీఎల్ మోడల్‌లోని టెక్స్చర్లను గ్రాఫిక్స్ చిప్ నేరుగా మెమరీ నుంచి చదువుతుంది కాబట్టి ఆర్కైవ్‌లో మోడల్ డేటా 128 బైట్ల హద్దు మీద మొదలవ్వాలి. కొన్ని టూల్స్ స్థలం కలిసొస్తుందని 4 బైట్ల హద్దుకే కుదించేస్తాయి. అప్పుడు క్రాష్ కాకపోయినా టెక్స్చర్లు అడ్డదిడ్డంగా చారలు చారలుగా వస్తాయి.

ఇంకోటి, ఆర్కైవ్ లోపలి ఫైలు పేర్లు. సార్క్‌లో ఫైలుని వెతికేది పేరు నుంచి లెక్కగట్టిన హాష్ అనే సంఖ్యతో. మీ సౌకర్యం కోసం లోపలి ఫైలు పేరులో '2' చేర్చినా హాష్ మారిపోతుంది, ఆటకి ఆ ఫైలు లేనట్టే.

ప్యాకింగ్ పరీక్ష నెగ్గితే అప్పుడు మార్పుల్లోకి రండి. అసలు ట్రాక్ ఆర్కైవ్ తీసుకుని అందులో మీ మోడల్ ఒక్కటే మార్చి చూడండి, తర్వాత కేసీఎల్ (చక్రాలకి తగిలే నేల, గోడలు) ఒక్కటే, తర్వాత కేఎంపీ (చెక్‌పాయింట్లు, వస్తువులు, దారులు) ఒక్కటే. కేఎంపీ దగ్గర ఆగితే చాలావరకు కారణం వస్తువులు: ఆ ట్రాక్‌లో అసలు లేని వస్తువుని ఐడీ చూసి పెట్టేశారు, దాని మోడల్ లోడ్ కాలేదు. మొదటి ట్రాక్ చేసేటప్పుడు ఏ ట్రాక్ స్థానంలో పెడుతున్నారో ఆ ట్రాక్ వస్తువులే వాడుకోవడం మేలు.

టెక్స్చర్లు నల్లగా, చెదిరిపోయి కనిపిస్తున్నాయి

వెడల్పు, ఎత్తు రెండూ 8, 16, 32 ఇలా రెట్టింపు వరుసలో, 1024 దాటకుండా ఉండాలి. 300 × 300 బొమ్మ కుదరదు. పారదర్శకత కావలసిన కంచెలకి, ఆకులకి ఈటీసీ1 అనే కుదింపు పద్ధతి పెడితే ఆకు చుట్టూ రంగు డబ్బా వస్తుంది, దానికి పారదర్శకత కూడా నిల్వచేసే ఈటీసీ1ఏ4 వాడాలి.

ఎమ్యులేటర్‌లో బంగారంలా నడుస్తోంది, కన్సోల్‌లో పడిపోతోంది

పాత 3డీఎస్‌లో మెమరీ మొత్తం 128 ఎంబీ, అందులో ఆటకి దక్కేది 64. పీసీలో 3డీఎస్‌ని అనుకరించే ఎమ్యులేటర్‌లో ఈ ఇరుకు అంతగా తెలియదు. 1024 × 1024 బొమ్మ కుదింపు లేని ఆర్‌జీబీఏ8లో 4 ఎంబీ తింటుంది, అదే ఈటీసీ1లో 512 కేబీ. 256 × 256 అయితే 256 కేబీ బదులు 32 కేబీ. ఆ చిన్న తెర మీద రోడ్డుకి 256 చాలు, కొండలకి 128 కూడా చాలు. 1024 పెట్టి మురిసిపోవడం స్క్రీన్‌షాట్లకే పనికొస్తుంది. మీ మోడల్ ఫైలు సైజుని అదే స్థానంలోని అసలు ట్రాక్‌తో పోల్చుకోండి. రెట్టింపు దాటితే ముందు టెక్స్చర్లు తగ్గించండి, ఆ తర్వాతే త్రికోణాల జోలికి వెళ్లండి.

రోడ్డు కనిపిస్తోంది కానీ కార్ట్ అందులోంచి కిందికి పడిపోతోంది

కళ్లకి కనిపించేది మోడల్, చక్రాలకి తగిలేది కేసీఎల్. రెండూ వేర్వేరు ఫైళ్లు. రేసు మొదలవగానే పడిపోతే మెష్ (త్రికోణాల వల) నిలువుగా తిరిగిపోయి ఉండొచ్చు: బ్లెండర్‌లో పైకి చూపేది జెడ్, ఆటలో వై. ఓబీజే ఎక్స్‌పోర్ట్‌లో వై పైకి, మైనస్ జెడ్ ముందుకి పెట్టండి. ఎక్కడో ఒకచోటే పడిపోతే ఆ ముక్క తలకిందులై ఉంటుంది, ఎందుకంటే కేసీఎల్ త్రికోణం ఒక వైపు నుంచే తగులుతుంది. బ్లెండర్ ఓవర్‌లేస్‌లో ఫేస్ ఓరియంటేషన్ ఆన్ చేయండి. రోడ్డు పైనుంచి నీలంగా కనిపించాలి, ఎర్రగా ఉన్న ముఖాలను ఎంచుకుని ఆల్ట్+ఎన్ నొక్కి తిప్పేయండి.

నున్నటి రోడ్డు మీద కార్ట్ ఎగిరెగిరి పడుతుంటే త్రికోణాల మూలలు కలవలేదు. 'మర్జ్ బై డిస్టెన్స్' చేస్తే పోతుంది, సూదుల్లాంటి పనికిరాని త్రికోణాలు కూడా పోతాయి. అలంకారాలున్న మోడల్‌నే కేసీఎల్‌గా మార్చకండి. రోడ్డు, గట్టు, గోడ మాత్రమే ఉన్న సాదా మెష్ వేరుగా చేసుకుని, ఎవ్రీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్ అనే టూల్‌లో ఇంపోర్ట్ చేసేటప్పుడు ఒక్కో మెటీరియల్‌కి దాని రకం ఇవ్వండి. పచ్చిక మీద కూడా రోడ్డు మీద ఉన్నంత వేగం వస్తోందంటే ఆ రకం ఇవ్వడం మరిచారన్నమాట.

ల్యాప్ లెక్క పడట్లేదు, స్థానం నంబరు గెంతుతోంది

కేఎంపీలో చెక్‌పాయింట్లు రోడ్డుకి అడ్డంగా గీసిన గీతలు. ఒక్కోదానికి ఎడమ కొన, కుడి కొన. ఫినిష్ లైన్ దగ్గరిది 0వ కీ చెక్‌పాయింట్. దారి పొడవునా మరికొన్ని కీ చెక్‌పాయింట్లు 1, 2, 3 అని వరుసగా ఉంటాయి, మిగతావి మామూలువి. ల్యాప్ పడాలంటే కీ చెక్‌పాయింట్లన్నీ వరుసలో దాటి 0కి రావాలి.

అందుకే మూడు చోట్ల దెబ్బ తగులుతుంది. కీ నంబర్లలో ఒకటి ఎగిరిపోయి 1 తర్వాత 3 ఉండటం. దొడ్డిదారి పెట్టి, కీ చెక్‌పాయింట్ గీతని అక్కడిదాకా సాగదీయకపోవడం. అప్పుడు దొడ్డిదారిన వెళ్లిన వాడికే ల్యాప్ పడదు, మీరు పరీక్షించేటప్పుడు రాజమార్గంలో వెళ్లి అంతా బాగుందనుకుంటారు. మూడోది, ఒక గీతకి ఎడమ కుడి తారుమారవడం. పక్కపక్క గీతల కొనలు కలిపితే ఎక్స్ ఆకారం వస్తుంది, సరిగ్గా అక్కడే స్థానం నంబరు గెంతుతుంది. ట్రాక్ చీలి మళ్లీ కలిసే చోట ఒక్కో గ్రూపుకి ముందుది, తర్వాతిది సరిగ్గా చూపించారా, చివరి గ్రూపు మళ్లీ మొదటిదానికి కలిసిందా చూడండి.

కింద పడ్డాక లకిటు (మబ్బు మీద వచ్చి కార్ట్‌ని ఎత్తే పాత్ర) ఎక్కడో దూరాన దింపుతుంటే ఆ చెక్‌పాయింట్‌కి ఇచ్చిన రీస్పాన్ (మళ్లీ దింపే చోటు) నంబరు తప్పు. మధ్యలో ఒక రీస్పాన్ తీసేసినప్పుడు ఆ తర్వాతి నంబర్లన్నీ జరిగిపోతాయి. అందుకే తీసేయడం కన్నా జరపడం మంచిది.

ఆటే నడిపే సీపీయూ కార్ట్‌లు గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరుగుతుంటే వాటికి దారి చూపే ఈఎన్‌పీటీ బిందువులు పాత ట్రాక్‌వే మిగిలిపోయాయి. ఎర్ర షెల్ గోడకి కొట్టుకుంటే తప్పు దాని దారి బిందువులైన ఐటీపీటీలో. గ్లైడర్ తెరిచాక సీపీయూలు అగాధంలోకి దూకుతుంటే గ్లైడర్ దారులైన జీఎల్‌పీటీ వేయలేదు. పాత ఆటల కేఎంపీలో ఈ విభాగమే లేదు కాబట్టి మారియో కార్ట్ వీ (Wii) నుంచి ట్రాక్ తెచ్చేవాళ్లు దీన్నే మరిచిపోతారు.

పాట తేడాగా ఉంది

లూప్ దగ్గర టక్కుమంటే లూప్ మొదలు 14336 శాంపిళ్ల గుణిజం మీద పడలేదు. ఆట పాటలుండే బీసీఎస్‌టీఎం ఫైల్లో బ్లాకు పొడవు అదే. మొదటి స్థానంలోకి రాగానే పాట తేడాపడితే చానెళ్ల సంఖ్య కలవలేదు. ముందున్నవాడికి ఆట అదనపు వాయిద్యం కలుపుతుంది, దానికి వేరే చానెళ్లు కావాలి. అసలు ఫైల్లో నాలుగుంటే మీదీ నాలుగే ఉండాలి, అదనపు జతలో నిశ్శబ్దం పెట్టినా పర్వాలేదు. చివరి ల్యాప్ పాట వేరే ఫైలు, అదీ మార్చాలి.

ఒకసారి నడుస్తుంది, ఒకసారి నడవదు

ఎస్‌డీ కార్డుని అనుమానించండి. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌తో వస్తాయి, 3డీఎస్‌కి ఫ్యాట్32 కావాలి. 64 జీబీ వరకు అలొకేషన్ సైజు 32 కేబీ పెట్టండి. బజార్లో చవగ్గా దొరికిన 128 జీబీ కార్డయితే ఫార్మాట్ చేసే ముందే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే టూల్‌తో నింపి పరీక్షించండి. నకిలీదైతే కొంత నిండాక రాసిందల్లా పాడవుతుంది.

ఆన్‌లైన్‌లో ఆడుతుంటే తెగిపోతోంది

నింటెండో తన 3డీఎస్ సర్వర్లను 2024 ఏప్రిల్‌లో మూసేసింది, ఇప్పుడు ఉన్నవి ప్రెటెండో లాంటి బయటి సర్వర్లే. మీ దగ్గర మార్చిన ట్రాక్, అవతలివాళ్ల దగ్గర అసలు ట్రాక్ ఉంటే మీరు గోడల్లోంచి దూసుకెళ్తున్నట్టు వాళ్లకి కనిపిస్తుంది, అది మోసం కిందే లెక్క. ఆన్‌లైన్‌కి వెళ్లే ముందు ఐడీ ఫోల్డర్ పేరు మార్చేయండి. టైమ్ ట్రయల్ రికార్డులు కూడా ట్రాక్ స్థానాన్ని బట్టే నిల్వ ఉంటాయి, కొత్త ట్రాక్ మీద కొట్టిన టైమ్ పాతదాన్ని చెరిపేయొచ్చు. మొదటి మాడ్ పెట్టకముందే చెక్‌పాయింట్ అనే బ్యాకప్ యాప్‌తో సేవ్‌ని, ఎక్స్‌ట్రా డేటాని రెండిటినీ బ్యాకప్ తీసుకుని పీసీలో దాచుకోండి.