విజయపుర నుంచి హంపి దాకా: భార్యాభర్తలు రైల్లో ఎలా చూసి రావాలి?

రైల్వే మ్యాపు తీసి సోలాపూర్ పక్కనున్న హోట్గి జంక్షన్ మీద వేలు పెట్టండి. అక్కడి నుంచి దక్షిణానికి దిగే గీతను పట్టుకుంటే విజయపుర, బాగల్‌కోట, బాదామి, గదగ్ వరుసగా తగులుతాయి. గదగ్‌లో తూర్పుకు మళ్లితే కొప్పళ దాటాక హొసపేట వస్తుంది. అదే హంపికి గుమ్మం. ఆదిల్‌షాహీల రాజధాని, చాళుక్యుల రాజధాని, విజయనగర రాయల రాజధాని, మూడూ ఇలా పట్టాల మీద వరుసగా దొరకడం అదృష్టమే. కారు అక్కర్లేదు, గుంపు అక్కర్లేదు. ఇద్దరు మనుషులు, వారం రోజుల సెలవు ఉంటే చాలు.

ముందు వరుస తేల్చుకోండి

మేము మొదటిసారి హంపితో మొదలుపెట్టి తప్పు చేశాం. అక్కడ మూడు రోజులు ఎండలో తిరిగి, చివర్లో విజయపురకు ఒక్క పూట మిగిల్చాం. ఆ పూట కూడా మా ఆవిడ నీడ కోసం, నేను కుర్చీ కోసం వెతుక్కోవడంతోనే గడిచింది. రెండేళ్ల తరువాత వరుస తిప్పి వెళ్లాం. అప్పుడు గాని విషయం అర్థం కాలేదు.

1565లో దక్కన్ సుల్తానులు కలిసికట్టుగా వచ్చి విజయనగరాన్ని ఓడించారు. తళ్లికోట యుద్ధమని మనం చదువుకున్నది దీన్నే. గెలిచినవారిలో విజయపుర సుల్తాను అలీ ఆదిల్‌షా ఒకడు. ముందు గెలిచినవారి ఊరు చూసి తరువాత ఓడినవారి ఊరికి వెళితే, రాళ్లు వాటంతట అవే కథ చెబుతాయి. అటునుంచి ఇటు వస్తే హంపి శిథిలాల బరువు మనసులో ఉండిపోయి, విజయపురను కోపంగా చూస్తాం. ఆ ఊరికి అది అన్యాయం.

హైదరాబాదు వాళ్లు వికారాబాద్, వాడి, కలబురగి మీదుగా వెళ్లాలి. నేరు రైలు వేళ కుదరకపోతే సోలాపూర్‌లో దిగి మారవచ్చు. విజయవాడ, గుంటూరు, నంద్యాల వాళ్లకు అమరావతి ఎక్స్‌ప్రెస్, తిరుపతి వాళ్లకు హరిప్రియ ఉన్నాయి. రెండూ హొసపేట దాటి గదగ్ వెళతాయి. హొసపేటలో దిగాలనిపిస్తుంది, దిగకండి. గదగ్‌లో రైలు మారి నేరుగా విజయపుర చేరి, అక్కడి నుంచి చూసుకుంటూ కిందికి రండి.

బీదర్‌లో ఒకరోజు పరీక్ష

పెద్ద ప్రయాణానికి నెల ముందు ఒక ఆదివారం బీదర్ వెళ్లి రండి. హైదరాబాదు నుంచి రైల్లో కొద్ది గంటల దూరం. బహమనీల రాజధాని, పెద్ద కోట, 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా. అసలు పని మాత్రం వేరే: మీ ఇద్దరి నడక వేగం ఎంతో తెలుసుకోవడం. ఎన్నేళ్లు కాపురం చేసినా ఈ సంగతి ఇంట్లో తెలియదు. నేను ప్రతి శాసనం ముందూ ఆగిపోతాను. మా ఆవిడ మెట్లు కనిపిస్తే చాలు, పైకి వెళ్లిపోతుంది. బీదర్ కోటలో గంటసేపు ఒకరినొకరు వెతుక్కున్నాక ఒప్పందానికి వచ్చాం: ప్రతిచోటా ఒక చెట్టు గుర్తు పెట్టుకోవాలి, చెప్పిన వేళకు ఇద్దరూ ఆ చెట్టు కిందికి చేరాలి. ఆ తరువాత పోట్లాట లేదు.

బిద్రీ పనివాళ్ల అంగడిలో కాసేపు కూర్చోండి. జింకు, రాగి కలిపి పోసిన పాత్ర మీద వెండి తీగె కొట్టి పొదుగుతారు. తరువాత పాత కోట మట్టిని నవాసాగరం అనే లవణంతో కలిపి వేడి పాత్రకు రుద్దితే లోహమంతా కాటుకలా నల్లబడుతుంది. వెండి మాత్రం తెల్లగా మిగులుతుంది. మట్టి మంచిదో కాదో పనివాళ్లు నాలుక మీద వేసుకుని చెబుతారు.

టికెట్లు, గదులు

రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. రాత్రి ప్రయాణాలకు ముందే చేసుకోండి. విజయపుర నుంచి బాదామి, బాదామి నుంచి హొసపేట వంటి పగటి ప్రయాణాలకు అంత హడావిడి అక్కర్లేదు. భర్తకు 60, భార్యకు 45 దాటి, ఒకే టికెట్ మీద ఇద్దరే వెళుతుంటే సీనియర్ కోటాలో కింది బెర్తులు అడగవచ్చు. మోకాళ్ల నొప్పులవారికి ఇది తెలియక పోతే నష్టం.

పేర్ల దగ్గర జాగ్రత్త. 2014లో బీజాపూర్ విజయపుర అయింది, గుల్బర్గా కలబురగి అయింది, హోస్పేట్ హొసపేట అయింది. బెంగళూరు దగ్గర దేవనహళ్లి వైపు కూడా విజయపుర అనే ఊరొకటి ఉంది. గది తీసుకునేటప్పుడు జిల్లా పేరు చూసుకోకపోతే గది ఒకచోట, గోల్ గుంబజ్ ఇంకోచోట ఉంటాయి.

విజయపుర, బాదామి, హొసపేట, మూడు ఊళ్లలోనూ రెండేసి రాత్రులు. అంతకు తగ్గిస్తే పెట్టె సర్దుకోవడంతోనే సరిపోతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మార్చి దాటితే హంపి బండలు పెనంలా కాలుతాయి. మనిషికి ఒక సంచి, అది కూడా ఎవరిది వాళ్లు మోయగలిగినంతే.

విజయపుర: పొద్దున్నే గోల్ గుంబజ్

స్టేషనుకు దగ్గరే. తలుపులు తెరిచే వేళకు అక్కడుండండి. బడిపిల్లల బస్సులు వచ్చాయంటే లోపల గుసగుస కాదు, సంత వినిపిస్తుంది. 1656లో చనిపోయిన మహమ్మద్ ఆదిల్‌షా సమాధి ఇది. గుమ్మటం బయటి వ్యాసం 44 మీటర్లు, కింద ఒక్క స్తంభం కూడా లేదు. మూలనున్న బురుజులో ఏడంతస్తుల మెట్లు ఇరుకుగా, నిటారుగా ఉంటాయి. అంతస్తుకోసారి ఆగి కిటికీలోంచి గాలి పీల్చుకుంటే నాలాంటివాడు కూడా ఎక్కగలడు.

పైన గుమ్మటం లోపలి అంచు చుట్టూ గుండ్రటి నడవ ఉంది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడండి. మధ్యలో దాదాపు 38 మీటర్ల ఖాళీ ఉంటుంది. ఒకరు గోడ వైపు తిరిగి మెల్లగా మాట్లాడాలి, మరొకరు గోడకు చెవి ఆనించాలి. మా ఆవిడ అవతల చుక్కలా కనిపిస్తోంది. నేను ఏదో ఊహించుకుని చెవి పెట్టాను. పక్కనే నిలబడి చెప్పినట్టు వినిపించింది: "ఏమండీ, మోకాలి మాత్ర వేసుకున్నారా?" వేసుకోలేదు.

మధ్యాహ్నం జామా మసీదు చూడండి. అలీ ఆదిల్‌షా దాన్ని మొదలుపెట్టింది 1565 యుద్ధం తరువాతే. హంపికి వెళ్లినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి. మాలిక్-ఎ-మైదాన్ ఫిరంగి చూడటానికి పది నిమిషాలు చాలు. దాని మూతి నోరు తెరిచిన సింహం, ఆ కోరల మధ్య నలుగుతున్న ఏనుగు.

సాయంత్రమంతా ఇబ్రహీం రౌజాకు ఉంచుకోండి. నన్నడిగితే ఈ ఊళ్లో మొదటి స్థానం దీనిదే, గోల్ గుంబజ్‌ది కాదు. గోల్ గుంబజ్ బలం చూపిస్తుంది, ఇది చెయ్యి తిరిగిన పనితనం చూపిస్తుంది. రెండవ ఇబ్రహీం ఆదిల్‌షా, రాణి తాజ్ సుల్తానా ఒకే కప్పు కింద ఉన్నారు. కిటికీల జాలీలను దగ్గరికి వెళ్లి చూడండి. మామూలుగా రాతి మీద అక్షరాలు చెక్కుతారు. ఇక్కడ అక్షరాలను వదిలి చుట్టూ ఉన్న రాయిని తొలిచారు. అరబ్బీ లిపే కిటికీ ఊచలయింది. వెలుతురు అక్షరాల సందుల్లోంచి లోపలికి వస్తుంది.

భోజనం ఖానావళిలో, అంటే ఇక్కడి పూటకూళ్ల హోటల్లో, చేయండి. జొన్న రొట్టె, మన గుత్తివంకాయకు పినతల్లి బిడ్డలాంటి ఎణ్ణెగాయి, వేరుశనగ పొడి, పెరుగు. రొట్టె వేడిగా ఉన్నప్పుడే తినాలి. చల్లారితే అట్ట అయిపోతుంది.

కృష్ణ దాటేటప్పుడు నిద్రపోకండి

విజయపుర నుంచి బాదామి ప్రయాణం పగటిపూట పెట్టుకోండి. నల్లరేగడి, జొన్న, పొద్దుతిరుగుడు చేలు దాటాక ఆలమట్టి ప్రాంతంలో రైలు కృష్ణ మీదుగా వెళుతుంది. విజయవాడలో ప్రకాశం బ్యారేజీ దగ్గర మనం చూసే నీళ్లే ఇవి, ఇంకా పైన ఉన్నప్పటివి. 1565 యుద్ధం కూడా ఈ నది ఒడ్డునే, రక్కసగి, తంగడిగి ఊళ్ల దగ్గర జరిగింది. కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నేల కోసం రెండు వైపులవారూ రెండు శతాబ్దాలు కొట్టుకున్నారు. మనం పల్లీలు తింటూ దాటేస్తాం.

బాదామిలో కాస్త నెమ్మది

స్టేషను ఊరికి 5 కిలోమీటర్ల దూరం, దిగగానే ఆటో మాట్లాడుకోండి. బాదామి మిగతా రెండింటికన్నా ఎంతో పాతది. మూడవ గుహలో శాసనం 578 నాటిది, చాళుక్య మంగళేశుడు వేయించినది. మొదటి గుహ దగ్గర పద్దెనిమిది చేతుల నటరాజు ముందు నిలబడి చేతులు లెక్కపెట్టండి. మొదటిసారి మాకిద్దరికీ లెక్క కుదరలేదు. కోతులు మాత్రం ఎవరినీ లెక్కచేయవు. చేతిలో తినుబండారం, భుజాన తెరిచిన సంచి ఉండకూడదు. రెండో రోజు ఆటో తీసుకుని చాళుక్యుల గుళ్లున్న పట్టదకల్, ఐహొళె చూసి, సాయంత్రానికి అగస్త్య చెరువు గట్టున భూతనాథ ఆలయం దగ్గరికి రండి. అక్కడ చూడాల్సిన జాబితా ఏమీ లేదు, కూర్చోవడమే.

హంపి: మొదట ఏనుగుల సాల

బాదామి నుంచి గదగ్ మీదుగా హొసపేట. నేరు రైలు లేని వేళైతే గదగ్‌లో మారాలి. అక్కడ బజ్జీలు, బొరుగులు దొరుకుతాయి కనుక ఎదురుచూపు బాధ తెలియదు. హొసపేట నుంచి హంపి 13 కిలోమీటర్లు. రోజంతటికీ ఆటో మాట్లాడుకుని, ఏయే చోట్లు చూపాలో ముందే రాసి ఇవ్వండి. విఠ్ఠల ఆలయం, లోటస్ మహల్ ప్రాంగణం ఒకే రోజు చూస్తే ఒకే టికెట్ సరిపోతుంది. కమలాపురం మ్యూజియం శుక్రవారం మూసి ఉంటుంది.

అందరూ విఠ్ఠల ఆలయంలోని రాతిరథం దగ్గరికి పరుగెడతారు. యాభై రూపాయల నోటు మీద ఉన్నది అదే కదా. మీరు ముందు ఏనుగుల సాలకు వెళ్లండి. వరుసగా గుమ్మటాలు, కమానులు. విజయపురలో రెండు రోజులు తిరిగి వచ్చిన కళ్లకు అవి వెంటనే తెలిసిపోతాయి. లోటస్ మహల్ కమానులూ అంతే. కత్తులు దూసుకున్నవారు కట్టడాల విషయంలో ఒకరినుంచి ఒకరు నేర్చుకుంటూనే ఉన్నారు. హంపితో మొదలుపెట్టినప్పుడు మాకు ఇవి వట్టి గుమ్మటాలుగానే కనిపించాయి.

అక్కడి నుంచి కృష్ణాలయం. 1513 ప్రాంతంలో మన నెల్లూరు జిల్లా ఉదయగిరిని గెలిచి, అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని తెచ్చి కృష్ణదేవరాయలు కట్టించిన గుడి. తరువాత లక్ష్మీనరసింహుడు, ఎత్తు 6.7 మీటర్లు. రెండో రోజు విఠ్ఠల ఆలయానికి హంపి బజారు నుంచి నది వెంట నడిచి వెళ్లండి, రెండు కిలోమీటర్లు. నడవలేనివారికి అవతలి వైపు నుంచి బ్యాటరీ బండి ఉంది. సంగీత స్తంభాలను ఇప్పుడు కొట్టనివ్వరు, అడిగి మాట పడకండి.

సూర్యోదయానికి మాతంగ కొండ, సూర్యాస్తమయానికి హేమకూటం. మాతంగం నిటారు. హేమకూటం ఎవరైనా ఎక్కవచ్చు. మా ఆవిడ తెల్లవారుజామున టార్చి పట్టుకుని మాతంగం ఎక్కింది, తోడుగా మరో నలుగురు ఆడవాళ్లు కలిశారు. నేను ఆ వేళకు విరూపాక్షాలయంలో ఉన్నాను. గర్భగుడి వెనక చీకటి గదిలో చిన్న రంధ్రంలోంచి వెలుగు పడి, ఎదురు గోడ మీద గోపురం తలకిందులుగా కనిపిస్తుంది. పొద్దెక్కేదాకా ఆగి చూశాను. తరువాత ఒప్పందం ప్రకారం చెట్టు కిందికి వెళ్లాను. ఆవిడ అప్పటికే వచ్చి, చెప్పులు విప్పి, రెండు కొబ్బరి బోండాలు కొట్టించి పెట్టింది.