కుండీలో పసుపుబారిన నూరువరహాలు: నా అనుభవం

మా నూరువరహాల మొక్క లేత ఆకులు పసుపుబారినా ఈనెలు మాత్రం పచ్చగానే ఉండటంతో అది ఇనుము లోపమని గుర్తించాను. నత్రజని లోపమైతే ముందు పండేది ముదురాకులే. కుండీ అంచున పేరుకున్న తెల్లటి సున్నపు పొర అసలు కారణాన్ని పట్టి ఇచ్చింది. సున్నపు లవణాలు ఎక్కువగా ఉండే కఠిన జలంలోని బైకార్బనేట్ల వల్ల మట్టి పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయిని తెలిపే సంఖ్య) 7 దాటి క్షారంగా మారితే, అందులో ఇనుము ఉన్నా వేర్లు దానిని తీసుకోలేవు. అందుచేత పైమట్టి తీసి, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఆకుల ఎరువు కలిపిన మిశ్రమం నింపి, నిల్వ చేసిన వాన నీటిని అడుగు రంధ్రాల నుండి ధారాళంగా కారేవరకు పోశాను. క్షారత పెరిగితే ఈడీటీఏ అనే పదార్థంతో బంధించిన ఇనుము ఎరువు నిలవదు గనుక, క్షారతలోనూ నిలిచే ఈడీడీహెచ్ఏ రకాన్నే నీటిలో కలిపి వేరు దగ్గర ఇచ్చాను. పాత ఆకులు పూర్తిగా కోలుకోలేదు గాని, కొత్త చిగుళ్లు నిగనిగలాడుతూ వచ్చాయి. ఇప్పుడు ఎరువు వేసే ముందు పీహెచ్ తప్పక చూస్తున్నాను.