రాళ్ళ వయసు – 4వ పాఠం: రేణువు వయసు వేరు, పొర వయసు వేరు

పోయినసారి ఇచ్చిన మూడో లెక్క చాలామందిని బోల్తా కొట్టించింది. ఈసారి అయస్కాంత పొరల పాఠం మొదలుపెడదామనుకున్నాను కానీ, ఈ చిక్కు విప్పకుండా ముందుకు వెళ్తే మళ్ళీ ఇక్కడికే వస్తాం. కాబట్టి అయస్కాంతం వచ్చేసారికి.

ముందు మొదటి రెండు లెక్కల సంగతి రెండు ముక్కల్లో. అర్ధాయువు అంటే విచ్ఛిన్నమయ్యే మూలకంలో సగం పోవడానికి పట్టే కాలం. రెండు అర్ధాయువులు గడిస్తే మూలకం మొత్తం ఖాళీ అయిపోతుందని రాసినవాళ్ళు ఇంకోసారి ఆలోచించండి. రెండోసారి పోయేది మిగిలినదాంట్లో సగం. అంటే ఇంకా పావు వంతు ఉంటుంది. ఇలాంటి చోట నేను సూత్రం జోలికి పోను, వేళ్ళు మడుస్తాను. ఒక వేలికి సగం, రెండో వేలికి పావు, మూడో వేలికి అరపావు. పది వేళ్ళూ మడిచేసరికి మిగిలేది దాదాపు వెయ్యో వంతు. కార్బన్-14 అర్ధాయువు 5,730 ఏళ్ళు కాబట్టి పది వేళ్ళకి 57,300 ఏళ్ళు. 50 వేల ఏళ్ళు దాటిన వాటికి కార్బన్ పద్ధతి పనికిరాదనేది ఇందుకే. డైనోసార్ ఎముకని కార్బన్‌తో కొలవచ్చా అని ప్రతి పాఠం తర్వాతా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. 6.6 కోట్ల ఏళ్ళకి పదకొండు వేల ఐదు వందల సార్లు వేలు మడవాలి. ఈ ప్రశ్న మళ్ళీ రాదనుకుంటాను.

ఇక అసలు గొడవ. మూడో లెక్క ఇదీ: "ఒక ఇసుకరాయిలోంచి తీసిన జిర్కాన్ రేణువుకి యురేనియం–సీసం పద్ధతిలో 110 కోట్ల ఏళ్ళు వచ్చాయి. ఆ ఇసుకరాయి వయసెంత?"

జిర్కాన్ అంటే గ్రానైట్ లాంటి రాళ్ళలో ఉండే చిన్న, గట్టి ఖనిజం. మీలో చాలామంది 110 కోట్లని రాశారు. కొందరు లాగరిథమ్ వేసి, పొరపాటు అవకాశం కూడా లెక్కకట్టి మరీ రాశారు. సరైన జవాబు: తెలియదు. 110 కోట్లకి మించదని మాత్రం చెప్పగలం. అది నిన్న పేరుకున్న ఇసుక కూడా కావచ్చు. ప్రశ్నే తప్పుగా ఇచ్చానని కోప్పడినవాళ్ళూ ఉన్నారు. తప్పేం లేదు, కావాలనే అలా ఇచ్చాను.

మనం కొలిచేది ఒక సంఘటన జరిగి ఎంతకాలమైందన్నది. ఏ సంఘటన? గడియారం సున్నా దగ్గర మొదలైన సంఘటన. జిర్కాన్ విషయంలో అది మాగ్మాలో, అంటే కరిగిన రాతి ద్రవంలో, స్ఫటికం గడ్డకట్టిన క్షణం. ఆ స్ఫటికం కట్టుకునేటప్పుడు జిర్కోనియం కూర్చోవాల్సిన చోట అక్కడక్కడా యురేనియం దూరుతుంది. సీసానికి ఆ చోటు సరిపడదు, అందుకని బయటే ఉండిపోతుంది. కాబట్టి ఇవాళ లోపల కనిపించే సీసం దాదాపు అంతా యురేనియం విచ్ఛిన్నమై లోపలే తయారైంది. ఇక్కడిదాకా రెండో పాఠంలో చెప్పుకున్నదే.

ఆ తర్వాతి కథ చూడండి. గ్రానైట్ కొండ కోట్ల ఏళ్ళపాటు ఎండకీ వానకీ చితుకుతుంది. జిర్కాన్ ఊడి వాగులో పడుతుంది. వాగు నదిలో కలుస్తుంది, నది సముద్రతీరంలో ఇసుక పోస్తుంది. ఆ ఇసుక మీద ఇంకో ఇసుక పడి, లోతున నలిగి, సిలికా జిగురు పట్టి రాయవుతుంది. ఇంత ప్రయాణంలో జిర్కాన్ లోపలి గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నదికి ఆ శక్తి లేదు. 900 డిగ్రీల వేడిలోనూ సీసాన్ని సులభంగా వదలని స్ఫటికాన్ని వాగు నీళ్ళు ఏం చేస్తాయి?

పాత ఇల్లు పడగొట్టి, ఆ ఇటుకలతోనే ఇంకోచోట గోడ కట్టారనుకోండి. ఇటుక కాల్చి నలభై ఏళ్ళయింది కాబట్టి గోడ కట్టి నలభై ఏళ్ళయిందంటారా? ఇటుకలు అసలే పాతవి అనుకుంటే, వాటి మధ్య ఎక్కడో ఈ మధ్యే కాల్చిన ఇటుక ఒకటి కనిపించిందనుకోండి. గోడ దానికన్నా ముందుది అయ్యే వీలు మాత్రం లేదు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

ఇదేదో పుస్తకాల కోసం అల్లిన చిక్కు కాదు. అమెరికాలో గ్రాండ్ కాన్యన్ పైభాగంలో కొకొనినో ఇసుకరాయి ఉంది, ఒకప్పటి ఎడారి దిబ్బలు గట్టిపడి ఏర్పడిన పొర. అది పేరుకుని సుమారు 28 కోట్ల ఏళ్ళు. దాంట్లో 100 నుంచి 120 కోట్ల ఏళ్ళ జిర్కాన్లు బోలెడు దొరుకుతాయి. అవి ఖండం అవతలి వైపున్న అపలాచియన్ పర్వతాల నుంచి కొట్టుకొచ్చిన ఇసుక అని భూశాస్త్రవేత్తలు చెబుతారు. రేణువు వయసు పొర వయసు చెప్పలేదు, ఇసుక పుట్టిల్లు చెప్పింది. అదీ చిన్న లాభమేం కాదు.

ఇంకా పెద్ద ఉదాహరణ పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్. 2001లో ప్రచురించిన కొలతల్లో అక్కడి ఒక జిర్కాన్ వయసు 440.4 కోట్ల ఏళ్ళు. భూమ్మీద మనకి దొరికిన అతి పాత ఖనిజం ముక్కల్లో అదొకటి. కానీ ఆ రేణువు దొరికిన గులకరాళ్ళ శిల పేరుకుని సుమారు 300 కోట్ల ఏళ్ళే. రేణువుకీ రాయికీ మధ్య 140 కోట్ల ఏళ్ళ తేడా! అతి పాత రాయి ఏదని అడిగితే మాత్రం కెనడా వాయవ్యాన ఉన్న అకాస్టా నైస్ అనే శిల పేరు చెబుతారు, సుమారు 400 కోట్ల ఏళ్ళు. "440 ఉండగా 400ని పాతది అంటారేంటి" అని ఒకరు అడిగారు. ఒకటి రేణువు, ఇంకోటి రాయి. ఈ పాఠమంతా ఆ తేడా గురించే.

ఆ రేణువుని ఒకసారి దగ్గరగా చూద్దాం. ఇసుకరాయిని పిండి చేసి, బరువైన ద్రవంలో వేస్తే క్వార్ట్జ్ (మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే ఖనిజం) తేలుతుంది, జిర్కాన్ మునుగుతుంది. మునిగినదాన్ని మైక్రోస్కోప్ కింద పోసి సన్నటి సూదితో ఒక్కొక్క రేణువునీ ఏరాలి. పొడవు మిల్లీమీటరులో పదో వంతు. గ్రానైట్‌లోంచి నేరుగా తీస్తే పెన్సిల్ ముక్కలా పలకలు తేరి ఉంటుంది. నదిలో దొర్లొచ్చిందైతే మూలలు అరిగి గుండ్రంగా, బియ్యపు నూకలా ఉంటుంది. వాటిని జిగురు బిళ్ళలో అతికించి, సగానికి అరగదీసి, ఎలక్ట్రాన్ల వెలుగులో చూస్తే లోపల చెట్టు మొద్దులోలా వలయాలు కనిపిస్తాయి. నడిమధ్యలో ముదురు ముద్ద, చుట్టూ లేత అంచు. మధ్యది ఒక వయసు, అంచు ఇంకో వయసు కావచ్చు. వయసు కొలవడానికి లేజర్ పొడిచే గుంట వెడల్పు వెంట్రుక మందం కన్నా తక్కువ. ఆ గుంట సగం మధ్యలో, సగం అంచు మీద పడితే వచ్చే అంకె ఏ సంఘటనకీ చెందదు. చూడటానికి మాత్రం ముచ్చటైన అంకెలాగే ఉంటుంది.

మరి పొర వయసు తెలుసుకోవడం ఎలా? దారులున్నాయి. నా ఇష్టాయిష్టాలతో కలిపి చెబుతాను.

ఇందాకటి కొత్త ఇటుక దారి మొదటిది. వంద, రెండు వందల రేణువులు కొలిచి వాటిలో అతి చిన్న వయసు పట్టుకుంటే, పొర అంతకన్నా పాతది కాదని తేలుతుంది. ఒకే ఒక్క రేణువుని నమ్మొద్దు. సీసం కారిపోయిన రేణువు ఉన్నదానికన్నా చిన్న వయసు చూపిస్తుంది. కనీసం మూడు రేణువులు ఒకే మాట చెబితేనే నేను లెక్కలోకి తీసుకుంటాను. అప్పుడు కూడా దొరికేది ఒక వైపు హద్దే.

అడ్డుకోత సూత్రం మొదటి పాఠంలోనే అయిపోయింది. పొరని చీల్చుకుంటూ వెళ్ళిన డైక్ (పగుల్లోకి చొరబడి గోడలా గడ్డకట్టిన మాగ్మా) వయసులో పొరకన్నా చిన్నది. ఇంతకన్నా చెప్పడానికేం లేదు.

అన్నిటికన్నా నాకిష్టమైంది అగ్నిపర్వతం బూడిద. పేలుడుకి ముందు మాగ్మాలో గడ్డకట్టిన స్ఫటికాలు బూడిదతో పాటు ఎగిరి, కొద్ది రోజుల్లో నేల మీదో చెరువు అడుగునో పడతాయి. అంటే స్ఫటికం పుట్టుకకీ పొర పేరుకోవడానికీ మధ్య ఎడం చాలా తక్కువ. కింద ఒక బూడిద పొర, పైన ఒక బూడిద పొర దొరికితే మధ్యలోని మట్టి రెండు హద్దుల మధ్య ఇరుక్కున్నట్టే. నన్నడిగితే పది రకాల పరీక్షల కన్నా వేలెడు మందం బూడిద పొర మేలు.

అయితే బూడిద కూడా మోసం చేస్తుంది. కెన్యాలోని తుర్కానా సరస్సు తూర్పు ఒడ్డున కేబీఎస్ టఫ్ అనే బూడిద పొర ఉంది. 1970 ప్రాంతంలో పొటాషియం–ఆర్గాన్ తరహా పద్ధతిలో (పొటాషియం విచ్ఛిన్నమై పుట్టే ఆర్గాన్ వాయువుని కొలిచేది) దాని వయసు సుమారు 26 లక్షల ఏళ్ళన్నారు. 1972లో ఆ పొర కింద 1470 అనే నంబరుతో పేరుపడ్డ మానవజాతి పుర్రె దొరికింది. దాంతో ఆ అంకె సరైనదా కాదా అన్నది పెద్ద విషయమైంది. కానీ ఆ పొరలతో దొరికిన పందుల శిలాజాలు మాట వినలేదు. ఇథియోపియాలోని ఓమో లోయలో అలాంటి పందులే ఇంకా చిన్న వయసు పొరల్లో, సుమారు 20 లక్షల ఏళ్ళ దగ్గర ఉన్నాయి. ఏళ్ళ తరబడి వాదన నడిచింది. చివరికి పొరలో ఉన్న ప్యూమిస్ రాళ్ళలోంచి (నురగలా గడ్డకట్టిన తేలికపాటి అగ్నిపర్వత రాళ్ళు) ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలని విడిగా ఏరి కొలిస్తే సుమారు 19 లక్షలు వచ్చాయి. ఆ బూడిద గాల్లోంచి నేరుగా రాలింది కాదు. నీళ్ళలో కొట్టుకొచ్చి పేరుకుంది, దారిలో పాత రేణువుల్ని కలుపుకుంది. అంటే మీరు మూడో లెక్కలో పడ్డ గోతికి పక్కనే ఉన్న గోయి. పందులు గెలిచాయి. శిలాజాలని చిన్నచూపు చూసేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను.

ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఒక్కదానిలోనూ పేరుకోవడం అనే సంఘటన గడియారాన్ని సున్నా చేయలేదు. నిజంగా చేసే పద్ధతి ఒకటుంది, కాంతితో కొలిచేది. 1985 నుంచి వాడుకలోకి వచ్చింది. ఇసుక మట్టిలో పూడుకుపోయాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియం నుంచి వచ్చే వికిరణం క్వార్ట్జ్ లోపల ఎలక్ట్రాన్లని తోస్తుంది. అవి స్ఫటికంలోని లోపాల్లో చిక్కుకుంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ చిక్కుకున్నవి పెరుగుతాయి. ఎండ తగిలితే అన్నీ ఒక్కసారిగా బయటపడి గడియారం సున్నా. అంటే ఇది కొలిచేది రేణువు ఆఖరిసారి ఎండ చూసి ఎంతకాలమైందని. మనకి కావాల్సింది సరిగ్గా అదే. క్వార్ట్జ్‌తో మామూలుగా లక్ష, రెండు లక్షల ఏళ్ళ దాకా పోతుంది, ఆ తర్వాత ఖాళీలు నిండిపోతాయి. బురద వరదలో ఎండ సరిగా తగలకుండానే పూడుకుపోతే పాత లెక్క కొంత మిగిలిపోయి వయసు ఎక్కువ చూపిస్తుంది.

నమూనా తీసేది చీకటి గొట్టంలో. స్టీలు గొట్టాన్ని మట్టిగోడలోకి సుత్తితో దిగగొట్టి, రెండు వైపులా మూతలు బిగించి, ఎర్రలైటు గదిలోనే విప్పాలి. నేను నేర్చుకునే రోజుల్లో మొదటి గొట్టం తీశాక లోపల ఇసుక నిండిందో లేదోనని మూత తీసి తొంగి చూశాను. మా సారు పక్కనే ఉన్నారు. తిట్టలేదు. "దీని వయసు కొలవక్కర్లేదులే, ఇవాళే పుట్టింది" అన్నారు.

ఇక అభ్యాసం. ఈసారి ఒక్కటే, కానీ కూర్చుని చేయాల్సిందే. కాగితం మీద బొమ్మ వేసుకోండి.

అడుగున షిస్ట్ (వేడికీ ఒత్తిడికీ మారి పలకలు తేరిన రాయి). దాని జిర్కాన్ల మధ్యభాగం 250 కోట్ల ఏళ్ళు, అంచులు 170 కోట్లు. దాని పైభాగం కోసుకుపోయి ఉంది, ఆ కోత మీద ఇసుకరాయి పరుచుకుంది. ఇసుకరాయిలో 170, 110 కోట్ల రేణువులు చాలా, 55 కోట్లవి నాలుగు, 43 కోట్లది ఒక్కటి. దానిపైన వేలెడు బూడిద పొర, 50 కోట్లు, ఇది గాల్లోంచి రాలిందే. బూడిద మీద షేల్ (బురద గట్టిపడి ఏర్పడిన రాయి). వీటన్నిటినీ కోసుకుంటూ పైకి వెళ్ళిన డైక్, 41 కోట్లు. అన్నిటికన్నా పైన గులకరాళ్ళ పొర. డైక్ దాన్ని కోయలేదు, పైగా డైక్ రాతి ముక్కలు దాంట్లో ఉన్నాయి. ఇంకొకటి: అడుగున ఉన్న షిస్ట్‌లోని బయొటైట్‌ని (నల్ల అభ్రకం) పొటాషియం–ఆర్గాన్‌తో కొలిస్తే 30 కోట్లు వచ్చింది.

ఇసుకరాయికి రెండు వైపులా హద్దులు రాయండి. షేల్‌కీ, గులకరాళ్ళ పొరకీ ఏం చెప్పగలరో, ఏం చెప్పలేరో రాయండి. 43 కోట్ల రేణువుని ఏం చేయాలో కారణంతో చెప్పండి, "ఒక్కటే కదా" అంటే మార్కులు లేవు. జరిగినవన్నీ వరసగా పెట్టండి, ఎనిమిదికి తగ్గకూడదు.

చివరిగా బయొటైట్. అది ఆర్గాన్‌ని పట్టి ఉంచేది సుమారు 300 డిగ్రీల లోపే. ఇసుక వచ్చి పడేనాటికి షిస్ట్ నేల పైన చల్లగా ఉంది. మరి 30 కోట్లు ఎక్కడి నుంచి వచ్చింది? మీ జవాబు నిజమైతే పైనున్న షేల్ షేల్‌లాగే మిగిలి ఉంటుందా? అక్కడికి వెళ్తే రాతిలో ఏం వెతుకుతారో రెండు వాక్యాల్లో రాయండి.