అటక మీది ఇత్తడి: పాత సామాను కొని ఆన్‌లైన్‌లో అమ్మాలనుకునేవాళ్లకు

పాత ఇత్తడి, కంచు సామాను కొని ఆన్‌లైన్‌లో అమ్మడం నా పని. మాది తణుకు. తరతరాలుగా ఇత్తడి సామాను చేసే అజ్జరం మాకు దగ్గరే కాబట్టి, బాగుచేయించాల్సినవి ఉంటే అక్కడికే తీసుకెళ్తాను. ఈ పని మొదలుపెడదామనుకునే ఆడవాళ్లు ముందుగా అడిగే ప్రశ్న, "ఏ యాప్‌లో అమ్ముతారు?" అని. యాప్ సంగతి తర్వాత. ముందు ఒక లెక్క తెలియాలి.

పాత ఇత్తడికి ఎప్పుడూ ఒక కనీస ధర ఉంటుంది. అది తుక్కు ధర. పాత సామాన్ల కొట్టాయన కిలోల లెక్కన కొంటాడు, కిలోల లెక్కనే కరిగించడానికి పంపేస్తాడు. మనం ఆ ధర మీద కాస్త ఎక్కువ ఇచ్చి కొని, వస్తువు లెక్కన అమ్ముతాం. ఆ రెండు ధరల మధ్య తేడాయే మన సంపాదన. ఆ తేడా రావాలంటే చేతిలో ఉన్నది ఏమిటో మనకు తెలియాలి. మరచెంబునే తీసుకోండి. కాటా మీద అది ముప్పావు కిలో ఇత్తడి. మూత మర సాఫీగా బిగిసి, చెంబు తలకిందులు చేసినా చుక్క కారకుండా ఉంటే, దానికోసం వెతుకుతున్నవాళ్లు తుక్కు ధరకు ఎన్నో రెట్లు ఇస్తారు. మర అరిగిపోయిందంటే మళ్లీ ముప్పావు కిలో ఇత్తడే.

సరుకు ఎక్కడ దొరుకుతుంది

మంచి సరుకు ఇళ్లలోనే దొరుకుతుంది. సంక్రాంతికి ముందు ఇల్లు దులిపేటప్పుడు, పాత పెంకుటిల్లు పడగొట్టేటప్పుడు, పెద్దవాళ్లు పిల్లల దగ్గరికి అపార్ట్‌మెంట్‌కి మారిపోయేటప్పుడు అటక మీది గంగాళాలు, గుండిగలు, కాగులు కిందికి దిగుతాయి. ఆ సమయంలో మీరు గుర్తుకు రావాలి. అందుకే పాలవాడికీ, ఇళ్లు మార్చే ట్రాలీ ఆటో వాళ్లకీ, వీధిలో తెలిసిన ప్రతివాళ్లకీ మీరీ పని చేస్తున్నారని చెప్పి ఉంచండి.

ఎవరింటికైనా కొనడానికి వెళ్తే ఆ రోజు తుక్కు ధర ఎంతో ముందే చెప్పేయండి. వేలాడదీసే చిన్న డిజిటల్ కాటా తీసుకెళ్లి వాళ్ల ఎదురుగానే తూచండి. డబ్బు ఇచ్చే ముందు నేను తప్పకుండా ఒక మాట అడుగుతాను: "మామ్మగారూ, అమ్మాయిలకి చెప్పారా?" అని. పుట్టింటి బిందె కిలోల లెక్కన పోయిందని ఆడపడుచులకు తర్వాత తెలిస్తే ఆ ఇంట్లో గొడవ, మనకు చెడ్డపేరు. చెప్పలేదంటే ఫోటోలు తీసి వాళ్ల గ్రూపులో పెట్టమని, రెండు రోజులాగి వస్తాను. కొన్ని పోతాయి, పోనివ్వండి. మిగిలినవి మనస్ఫూర్తిగా ఇస్తారు, పక్కింటివాళ్లకీ మన పేరు చెబుతారు.

రెండో చోటు పాత సామాన్ల కొట్టు. కిలోకి ఇరవయ్యో ముప్పయ్యో ఎక్కువ ఇస్తానని చెప్పి, బాగున్న వాటిని కరిగించడానికి పంపకుండా పక్కన పెట్టమనండి. ఏవి కావాలో ఫోన్‌లో ఫోటోలు చూపించండి: మరచెంబులు, కుందులు, పోపుల పెట్టెలు, తాంబూలం పెట్టెలు, సోల, తవ్వ, మానిక లాంటి కొలపాత్రలు. హైదరాబాద్‌లో ఉంటే గురువారం పాత సామాన్ల సంత జుమేరాత్ బజార్‌కి పొద్దున్నే వెళ్లండి. దానికి ముందు ఒకసారి బేగంబజార్ తిరిగి కొత్త ఇత్తడి ఎంతకు అమ్ముతున్నారో తెలుసుకోండి. కొత్తదాని ధర తెలియకుండా పాతదానికి ధర కట్టలేం.

ఎక్కడ కొన్నా ఒక నోటుబుక్‌లో తేదీ, అమ్మినవాళ్ల పేరు, ఫోన్ నంబరు, బరువు, ఇచ్చిన డబ్బు రాసి సంతకం చేయించుకోండి. దొంగసొత్తు మన చేతికొస్తే జవాబు చెప్పుకోవాల్సింది మనమే. సంతకం పెట్టడానికి వెనకాడేవాళ్ల దగ్గర ఎంత చవకగా వచ్చినా కొనొద్దు.

చేతిలోకి తీసుకుని చూడటం

ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుందంటే అది ఇనుము మీద పూసిన ఇత్తడి రంగు. ఆ తర్వాత ఇత్తడా, కంచా అన్నది తేల్చుకోవాలి. ఇత్తడి రాగి, జింకుల మిశ్రమం. కంచు రాగి, తగరం కలిసింది. అరచేతిలో ఆనించి గోటితో కొడితే కంచు గిన్నె ఖంగుమని చాలాసేపు మోగుతుంది. ఇత్తడి ఆ మోత మోగదు. మోత మధ్యలో బొంగురుపోయిందంటే కంచుకి ఎక్కడో పగులు ఉన్నట్టే, కంటికి కనపడకపోయినా వదిలేయండి. కింద పడితే ఇత్తడి సొట్టపోతుంది, కంచు పగులుతుంది.

బిందె పాతదో కాదో తెలియాలంటే దాన్ని వెలుతురులో పట్టుకుని నడుం దగ్గర చుట్టూ తిప్పుతూ చూడాలి. చేత్తో చేసిన పాత బిందెల్లో పైభాగం, కిందిభాగం విడివిడిగా రేకు కొట్టి కలుపుతారు. ఆ కలిపిన చోట రెండు రేకుల అంచులు రంపం పళ్లలా ఒకదాంట్లో ఒకటి దూరి ఉంటాయి. పైన ఎంత నునుపు చేసినా ఆ పళ్ల గీత కాస్త వేరే రంగులో కనిపిస్తుంది. లోపల చెయ్యిపెట్టి తడిమితే సుత్తి దెబ్బల గుంటలు వరసగా తగులుతాయి. మిషన్ మీద తిప్పి చేసినదానికి ఆ పళ్ల అతుకు ఉండదు, లోపల వలయాలుగా సన్నటి గీతలు ఉంటాయి. అలాంటిదాన్ని పాతదని చెప్పి అమ్మేవాళ్లు చాలామందే ఉన్నారు.

ఆ తర్వాత పేర్లు. పెళ్లిళ్లలో, గృహప్రవేశాల్లో చదివించిన సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా కొట్టించేవాళ్లు. చాలాసార్లు తేదీ కూడా ఉంటుంది. వస్తువు వయసుకి అంతకన్నా మంచి రుజువు లేదు. పిండి అద్ది తుడిస్తే చుక్కల్లో పిండి నిలిచి అక్షరాలు తెల్లగా కనిపిస్తాయి. ఇంగ్లీషు సంవత్సరం ఉంటే సరే. తెలుగు సంవత్సరం పేరు మాత్రమే ఉంటే జాగ్రత్తపడాలి, అరవై ఏళ్లకోసారి అదే పేరు మళ్లీ వస్తుంది. "ప్రభవ" అని ఉంటే అది 1927 కావచ్చు, 1987 కావచ్చు. అతుకు, బరువు, అరుగుదల చూసి తేల్చుకోవాలి. తేలకపోతే కొనేవాళ్లకు రెండూ చెప్పండి. ఆ పేరును ఎట్టి పరిస్థితుల్లోనూ అరగదీయించొద్దు.

చివరగా నీళ్లు నింపి రాత్రంతా పొడి గచ్చు మీద ఉంచండి. పొద్దున చెమ్మ కనిపిస్తే చిల్లో, చిల్లు పూడ్చిన పాత మాటో కారుతోందన్నమాట. మాటు వేసిన చోట బూడిదరంగు మెత్తటి లోహం కనిపిస్తే అందులో సీసం ఉండొచ్చు. అలాంటిదాన్ని మొక్క పెట్టుకోవడానికో, అలంకారానికో మాత్రమే అమ్మండి. వంటకీ, తాగే నీళ్లకీ వద్దని రాసి మరీ ఇవ్వండి.

తోమడం, కళాయి

పాత సామాను పాడయ్యేది ఎక్కువగా తోమడంలోనే. చింతపండు పులుసు, ఉప్పు, కొబ్బరిపీచు, ఆ తర్వాత మంచినీళ్లు, వెంటనే పొడిగుడ్డ. ఇంతే చాలు. పీతాంబరి కూడా ఫరవాలేదు. బాత్రూమ్ యాసిడ్ మాత్రం పోయొద్దు. అది ఇత్తడిలోని జింకుని తినేస్తుంది, పైన ఎర్రటి రాగి మచ్చలు తేలతాయి, ఇక పాత రంగు తిరిగి తేవడం కష్టం. మిషన్ పాలిష్ పట్టిస్తే తళతళలాడుతుంది కానీ సుత్తి దెబ్బలు, చుక్కల పేర్లు అరిగిపోయి కొత్త కొట్లో వస్తువులా తయారవుతుంది. పాత వస్తువు కోసం డబ్బు పెట్టేవాళ్లు ఆ నల్లటి నిగారింపుకే పెడతారు. నేను పచ్చటి చిలుము వరకు తీసేసి, మిగతాది "తోమి ఇవ్వమంటారా, ఇలాగే కావాలా?" అని కొనేవాళ్లనే అడుగుతాను.

ఇత్తడిని వంటకి వాడతామంటే లోపల కళాయి, అంటే తగరం పూత, ఉండాలి. లేకపోతే చారు, పులుసు, మజ్జిగ లాంటి పులుపు తగిలి చిలుము దిగుతుంది. ఇప్పుడు కళాయి వేసేవాళ్లు తగ్గిపోయారు. దొరికితే దగ్గర నిలబడి వేయించుకోండి. గిన్నెను నిప్పుల మీద బాగా కాల్చి, నవాసాగరం పొడి చల్లగానే తెల్లటి పొగ లేస్తుంది, లోపలి మురికి విడిపోతుంది. అప్పుడు తగరం ముక్కను తాకిస్తే కరిగి జారుతుంది. చల్లారేలోగా దూది ఉండతో ఒక్క చుట్టు తిప్పుతాడు, పచ్చటి గిన్నె లోపలంతా వెండిలా తెల్లబడుతుంది. చౌకకోసం తగరంలో సీసం కలిపేవాళ్లూ ఉంటారు కాబట్టి, తగరం కడ్డీ నేనే కొని తీసుకెళ్తాను.

ఫోటో, వివరాలు, ధర

ఇత్తడి అద్దంలా మెరుస్తుంది, ఫోన్ పట్టుకున్న మనమే అందులో కనిపిస్తాం. ఎండ నేరుగా పడని కిటికీ దగ్గర పెట్టి, కిటికీకి తెల్ల దుప్పటి కట్టి తీయండి. ముందు, అడుగు, లోపల, మూతి, అతుకు, పేరు, సొట్ట. సొట్టను దాచొద్దు, దగ్గరగా తీయండి. కంచు గిన్నెకైతే గోటితో కొట్టిన చిన్న వీడియో పెట్టండి, ఆ మోత విని కొనేవాళ్లు ఉన్నారు. ఎత్తు, మూతి వెడల్పు, బరువు, ఎన్ని లీటర్లు పడుతుందో రాయండి. బిందెను తమిళులు కుడం అని, మరాఠీవాళ్లు హండా అని వెతుకుతారు, ఆ పేర్లూ జోడించండి.

ధర ఇలా వేస్తాను. మూడు కిలోల గంగాళం, తుక్కు ధర కిలో 500 అనుకుందాం. మనం 1700 ఇచ్చి కొన్నాం. ఆటోకీ, శుభ్రం చేయడానికీ 300, ప్యాకింగ్‌కి 150. మొత్తం 2150. దాన్ని 3200కి అమ్మితే 1050 మిగులుతుంది. బాగానే ఉందనిపిస్తుంది, కానీ అటువంటిది ఇంకొకటి అమ్ముడుపోక మూల పడి ఉంటే ఆ డబ్బు ఇందులోంచే రావాలి. అందుకే మొదట్లో పెద్ద వస్తువుల జోలికి వెళ్లొద్దంటాను. కుందులు, చెంబులు, కొలపాత్రలు త్వరగా కదులుతాయి, పార్సిల్ ఖర్చూ తక్కువ.

అమ్మకం వాట్సాప్ స్టేటస్‌తో మొదలుపెట్టి, ఇన్‌స్టాగ్రామ్‌కి వెళ్లండి. కొంటామంటూ వచ్చి, ఆర్మీలో పనిచేస్తున్నానని చెప్పి, డబ్బు పంపడానికి క్యూఆర్ కోడ్ స్కాన్ చేయమనే ఫోన్లు మీకూ వస్తాయి. డబ్బు రావడానికి స్కాన్ చేయాల్సిన పనీ లేదు, పిన్ కొట్టాల్సిన పనీ లేదు. వెంటనే ఫోన్ పెట్టేయండి.

పార్సిల్

కొత్తవాళ్లకు లాభం పోయేది ఇక్కడే. కొరియర్ వాళ్లు అసలు బరువుతోపాటు పెట్టె సైజు కూడా లెక్క కడతారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి చాలామంది 5000తో భాగిస్తారు. అన్నివైపులా 40 సెంటీమీటర్లుండే పెట్టెలో ఐదు కిలోల బిందె పంపితే అది వాళ్ల లెక్కలో 12.8 కిలోలు. ధర చెప్పకముందే పెట్టె కొలవండి. బిందె కొన్నవాళ్లను చెంబు, కుందులు కూడా కావాలేమో అడగండి, అవి బిందె లోపలే ఇమిడిపోతాయి, పార్సిల్ ఖర్చు పెద్దగా పెరగదు.

లోపల పేపర్ ఉండలు గట్టిగా కుక్కండి, లేకపోతే బిందె మూతి వంకరపోతుంది. కంచుకి రెండు పెట్టెలు తప్పదు. ప్యాక్ చేస్తున్నప్పుడు కాటా మీది అంకె కనిపించేలా వీడియో తీసి ఉంచుకోండి. ఒక కొరియర్ కంపెనీ నా పార్సిల్ బరువు ఎక్కువ వేసినప్పుడు ఆ వీడియో చూపించే డబ్బు వెనక్కి తెచ్చుకున్నాను.

చట్టం

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన కళాఖండాలను, పనితనమున్న పాత వస్తువులను అమ్మే వ్యాపారానికి పురావస్తు శాఖ లైసెన్సు కావాలి. వాటిని దేశం దాటించడం నేరం. అందుకే "200 ఏళ్ల నాటిది" అని గొప్పకు రాసుకోవడం నాకు అస్సలు నచ్చదు. అబద్ధమైతే కొనేవాళ్లను మోసం చేసినట్టు, నిజమైతే మనం చట్టం దాటినట్టు. అమెరికాలో ఉన్న మనవాళ్లు అడిగినప్పుడు పాతదనం అనుమానంగా ఉంటే, పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న సర్టిఫికెట్ తీసుకున్నాకే పంపండి. పాత దేవతా విగ్రహాలు, ఏనుగు దంతం పిడులున్నవి అసలు ముట్టుకోవద్దు.

జీఎస్టీ గురించి ఆడిటర్ దగ్గర ఒక గంట కూర్చోండి. టర్నోవర్ తక్కువైనా, వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే సాధారణంగా రిజిస్ట్రేషన్ కావాలి. వాడిన వస్తువులను ఉన్నది ఉన్నట్టుగా అమ్మేవాళ్లకు, కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య తేడా మీదే పన్ను కట్టే పద్ధతి ఉంది. దాని గురించి గుర్తుచేసి మరీ అడగండి. ఆ లెక్క చూపించడానికి కొనుగోలు నోటుబుక్ పనికొస్తుంది.

ఇక ఎప్పుడు కొనాలి, ఎప్పుడు అమ్మాలి అన్నది. శ్రావణం నుంచి కార్తీకం దాకా కుందులు, హారతి పళ్లేలు, చెంబులు నిలవవు. పెళ్లి ముహూర్తాలున్న నెలల్లో బిందెలు, గంగాళాలు పోతాయి. ఆషాఢంలో, మూఢంలో అడిగేవాళ్లు తక్కువ. చేతిలో డబ్బుంటే సరుకు కొని, తోమి, ఫోటోలు తీసి పెట్టుకోవాల్సింది అప్పుడే.