3 ఆంపియర్లు దాటినా ట్రిప్ కాని సర్క్యూట్: నా అనుభవం

కుషాయిగూడలోని మా చిన్న వర్క్‌షాప్‌లో 12 వోల్టుల డీసీ మోటారుకు ఓవర్‌కరెంట్ ప్రొటెక్షన్ నేనే కట్టాను. 3 ఆంపియర్లు దాటగానే రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) పడి మోటారు ఆగాలి. లోడు పెంచి చూస్తే మీటరు 5 చూపించింది, రిలే మాత్రం కదల్లేదు. వైరు వేడెక్కి ప్లాస్టిక్ వాసన రాగానే టెన్షన్‌తో సప్లై ఆపేశాను.

ముందు రిలేనే అనుమానించి మార్చాను. రెండు రోజులు వృథా. తర్వాత కరెంటును కొలవడానికి దాని దారిలో పెట్టిన 0.1 ఓమ్ షంట్ రెసిస్టర్ రెండు చివర్లా మీటరు పెడితే 0.5 వోల్టులు సరిగ్గానే వస్తోంది. ఆ వోల్టేజీని హద్దుతో పోల్చి రిలేను నడపాల్సిన ఐసీ ఎల్‌ఎం358 అవుట్‌పుట్ మాత్రం సున్నా దగ్గరే ఉండిపోయింది.

అసలు తప్పు షంట్ పెట్టిన చోటులోనే ఉంది. దాన్ని ప్లస్ వైపు పెట్టాను, ఐసీకీ అదే 12 వోల్టులు. ఎల్‌ఎం358 ఇన్‌పుట్లు సప్లై కంటే సుమారు 1.5 వోల్టులు కిందే ఉండాలి. నావి 12కి అంటుకుని ఉన్నాయి! ఇది డేటాషీట్‌లో (ఐసీ తయారీదారు ఇచ్చే వివరాల పత్రంలో) స్పష్టంగా ఉంది, ముందే చదవాల్సింది.

షంట్‌ను మైనస్ వైపుకు మార్చాను. అక్కడ సున్నా వోల్టుల దాకా ఈ ఐసీ చక్కగా పనిచేస్తుంది. పోల్చే హద్దు, అంటే రిఫరెన్స్, 0.3 వోల్టులు; 3 ఆంపియర్ల దగ్గర షంట్‌పై వచ్చేది అదే. 5 ఆంపియర్ల దగ్గర షంట్ 2.5 వాట్ల వేడిని మోయాలి కాబట్టి కోఠి గుజరాతీ గల్లీ నుంచి 5 వాట్లది తెచ్చాను.

ఈసారి ట్రిప్ అయింది, కానీ రిలే టకటకా కొట్టుకుంది. కరెంటు ఆగగానే మళ్లీ ఆన్ అవుతోంది మరి. షంట్ నుంచి ఐసీ ప్లస్ ఇన్‌పుట్‌కు 1కె (వెయ్యి ఓమ్‌ల) రెసిస్టర్, అవుట్‌పుట్ నుంచి అదే ఇన్‌పుట్‌కు డయోడ్‌తో 10కె వేశాను. దాంతో ఒకసారి ట్రిప్ అయ్యాక అవుట్‌పుట్టే ఆ ఇన్‌పుట్‌ను హద్దుకు పైన పట్టి ఉంచుతుంది. ఇప్పుడు రీసెట్ బటన్ నొక్కేదాకా మోటారు కదలదు.